మూడున్నరకే కూసే పుంజుతో ఏం చేయాలి?

హనుమకొండలో మా మేడ మీద అయిదు పెట్టలు, రెండు పుంజులు ఉన్నాయి. ఎర్రపుంజు మూడున్నరకే మొదలుపెడుతుంది, వెంటనే రెండోది అందుకుంటుంది. నిన్న పక్కింటి పెద్దమ్మ గోడ మీద నుంచి, "దాన్ని నువ్వు వండుతావా, నన్ను వండమంటావా?" అంది. నవ్వుతూనే అంది కానీ నాకు నవ్వు రాలేదు. కోయడం తప్ప ఇంకేదైనా దారి చెప్పండి.

జవాబు (ములుగు నుంచి): తమ్ముడూ, పూర్తిగా మాన్పించలేవు. వెలుగు చూసి కూస్తుందనుకుంటాం గానీ, గడియారం దాని ఒంట్లోనే ఉంది. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో పుంజులను రోజంతా మసక వెలుతురులోనే ఉంచి చూశారు. అయినా వేళకు కూశాయి. గుంపులో పెత్తనం చేసేదే ముందు కూస్తుంది, తక్కినవి వంతు ప్రకారం అందుకుంటాయి. ఒకదాన్ని ఊరికి పంపెయ్యి. పిల్లలు కావాలంటే తప్ప, గుడ్లకు పుంజు అవసరమే లేదు.

ఇంకో జవాబు: నేను రాత్రిపూట ఎత్తు తక్కువ చెక్కపెట్టెలో ఉంచుతాను. మెడ నిటారుగా చాచలేకపోతే కూతలో బలం తగ్గుతుంది. పక్కలకు గాలి రంధ్రాలు తప్పనిసరి. మే నెలలో మాత్రం పెట్టె మేడ మీద వద్దు, మన ఓరుగల్లు స్లాబు అర్ధరాత్రి కూడా సెగలు కక్కుతుంది. మెట్ల కింద పెట్టు. తెల్లవారగానే వదిలెయ్యి. మెడకు పట్టీ కట్టమనేవాళ్లూ ఉంటారు. కాస్త బిగిసినా ఊపిరాడదు, నేనైతే ఆ పని చేయను.

అడిగినవారు: ఎర్రపుంజును పరకాలలో మామయ్య ఇంటికి పంపాను. పెట్టె చేయమని వడ్రంగికి చెప్పాను. పెద్దమ్మకు ఆరు గుడ్లు ఇస్తే తీసుకుని, "రెండోది ఎప్పుడు పోతుంది?" అంది.