19వ శతాబ్దపు పత్రికల సదస్సుకు పత్రం: తెలంగాణ వైపు నుంచి ఏ అంశం తీసుకోవచ్చు?

హన్మకొండ_స్కాలర్:
అందరికీ నమస్తే. 250 మాటల సారాంశం పంపాలి. ఒప్పుకుంటే పత్రం చదవడానికి 15 నిమిషాలు, ప్రశ్నలకు 5. "తెలంగాణలో తొలి తెలుగు పత్రికలు" అనుకున్నా గానీ సేద్యచంద్రిక (1886) పేరు తప్ప చేతికి ఏమీ తగుల్తలేదు. మన ఇనుగుర్తి తెనుగు పత్రిక 1922ది, కాలపరిధిలోకి రాదు. అంశం మార్చుకోవాల్నా?

పాతఅచ్చు:
మార్చొద్దు మేడమ్, తిప్పి పెట్టండి. ముందు ఆ "తొలి" తీసెయ్యండి. అది ఉందంటే ప్రశ్నల సమయమంతా బళ్ళారి సత్యదూత (1835) ముందా, మద్రాసు వృత్తాంతిని (1838) ముందా అన్న పాత తగవుకే పోతుంది.

ఇక్కడ అచ్చు కాలేదు సరే, ఇక్కడ చదివారా? పత్రిక ఓరుగల్లుకు ఏ దారిన వచ్చింది? సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు రైలు 1886లో, బెజవాడ దాకా 1889లో. అంతకుముందు మద్రాసు, రాజమండ్రి పత్రిక రావాలంటే తపాలాయే దిక్కు. నిజాం రాజ్యానికి 1869 నుంచి సొంత తపాలా బిళ్ళలు. డబ్బూ వేరు: ఇక్కడ హాలీ సిక్కా (నిజాం రూపాయి), అక్కడ కల్దారు (బ్రిటిష్ రూపాయి). చందా "రూ. 3" అని కనిపిస్తే అది కల్దారు రూపాయి, హాలీలో అంతకన్నా ఎక్కువే అవుతుంది. ఇది రాయకుండా ధరలు పోలిస్తే లెక్క తప్పుతుంది.

ఆధారం అట్టల మీద వెతకండి. చందా ముట్టినవారి పేర్లు ఊరితో సహా వేసే అలవాటు కొన్ని పత్రికలకు ఉండేది. గ్రంథాలయాల్లో బైండు చేసేటప్పుడు అట్టలు, ప్రకటనలు చింపేస్తారు, అందుకే ఒక్కచోటి సంపుటం చూసి "పేర్లు లేవు" అని రాయొద్దు. ఊరిని ఓరుగల్లు, వరంగల్లు, హనుమకొండ, అనుమకొండ, నాలుగు రకాలుగానూ చూడాలి. నెల్లూరు అముద్రితగ్రంథ చింతామణి (1885)తో మొదలుపెట్టవచ్చు, పాత కావ్యాల మీద ఆసక్తి ఉన్న పండితులు ఇటువైపూ ఉన్నారు కదా.

రికార్డుగది:
పైదానికి ఒక సవరణ లాంటిది. మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి వేసిన అచ్చుపుస్తకాల పట్టికలు చాలామంది తిరగేస్తారు. పేరు, ముద్రాపకుడు, పుటలు, ప్రతుల సంఖ్య, ధర అన్నీ ఉంటాయి, బంగారం లాంటి పట్టిక. కానీ అది 1867 నాటి ముద్రణాలయాలు, పుస్తకాల నమోదు చట్టం కింద తయారైంది, ఆ చట్టం నిజాం రాజ్యంలో చెల్లదు. హైదరాబాదు అచ్చు అందులో లేదంటే అచ్చే కాలేదని కాదు. ఈ పొరపాటు పత్రాల్లో తరచూ కనిపిస్తుంది.

రెండోది, దేశభాషా పత్రికల మీద ప్రభుత్వం రహస్యంగా తయారు చేయించిన ఇంగ్లిష్ నివేదికలు. వాటిలో ఉన్నది పత్రిక కాదు, దొరతనానికి అనుమానం కలిగించిన ముక్కల అనువాదం. వెటకారం అనువాదంలో పోతుంది. 1878 దేశభాషా పత్రికల చట్టం గురించి రాస్తే వాటిని వాడండి, కానీ "పత్రిక ఇలా రాసింది" అనకుండా "నివేదిక ప్రకారం" అనండి. 1882లో ఆ చట్టం రద్దయింది, ఆ నాలుగేళ్ళే ఒక పత్రానికి సరిపోతాయి.

కాజీపేట_జంక్షన్:
తేదీల కాడ జాగ్రత్త అక్కా. అట్ట మీద తెలుగు సంవత్సరం ఒక్కటే ఉంటే 1876 కరువు నుంచి లెక్క పెట్టుండ్రి, దాన్ని ధాత కరువు అనేటోళ్ళు. ధాత 1876, యువ 1875, భావ 1874. వీరేశలింగం గారి పత్రిక వివేకవర్ధని మొదలైంది భావలనే. కానీ ఉగాదికి గదా ఏడు మారేది, భావ మాఘం అంటే 1875 ఫిబ్రవరి దగ్గర పడ్తది. 1874 అని రాస్తే తప్పు.

ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఇంకో తలనొప్పి. హైదరాబాద్ ఫసలీ అక్టోబర్ల మొదలైతది, మద్రాసుది జులై 1న. 1295 ఫసలీ అంటే ఇక్కడ 1885 అక్టోబర్ నుంచి 1886 సెప్టెంబర్ దాకా. నెల తెల్వకుంటే "1885-86" అనే రాయుండ్రి.

అరిగిన అచ్చుల ౨, ౩ ఒక్కతీర్గనే కొడ్తయి. ఫోన్‌తో ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కకు పెట్టి వెలుతురు ఏటవాలుగ పడేటట్టు చూడుండ్రి, సీసం అచ్చు నొక్కిన గుంట కనవడ్తది. ముందుగాల పుట మొత్తం తీసి, తర్వాత కావల్సిన ముక్క. ఉత్త ముక్కలే తీస్తే ఇంటికొచ్చినంక ఏ సంచికదో తెల్వదు.

హన్మకొండ_స్కాలర్:
ధన్యవాదాలు. అంశం "1886-1900: రైలు వచ్చాక ఓరుగల్లు పాఠకుడు" అని పెడితే సరిపోతుందా? పేర్లు పది కూడా దొరకకపోతే?

పాతఅచ్చు:
పదిహేనేళ్ళు ఎక్కువ. ఒక పత్రిక, వరుసగా 24 సంచికలు తీసుకోండి. ఎన్ని చూశారో, ఎన్నింటికి అట్టలున్నాయో సారాంశంలోనే చెప్పండి. అప్పుడు నాలుగు పేర్లు దొరికినా పత్రం నిలబడుతుంది. చదివేది 1,300 మాటలు దాటనివ్వకండి. ఇంకోటి, అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసి పంపకండి. యూనికోడ్‌కు మార్చేటప్పుడు ఒత్తులు తారుమారై, సదస్సు సంచికలో మీ ఉల్లేఖనాలే తప్పులతడకగా అచ్చవుతాయి.