అప్‌డేట్: చార్ల్స్‌టన్‌లో పెళ్లిరోజు, శాకాహార భోజనం, గడ్డి బుట్ట

పదో పెళ్లిరోజుకు అట్లాంటా నుంచి సౌత్ కరోలైనాలోని చార్ల్స్‌టన్ వెళ్తున్నామనీ, మా ఆవిడ శాకాహారి కనుక అక్కడ భోజనం ఎలాగనీ, స్వీట్‌గ్రాస్ అనే గడ్డితో అక్కడ అల్లే అసలైన బుట్ట ఎక్కడ కొనాలనీ గత నెల ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ముందురోజే ఫోన్ చేసి వంటల్లో మాంసపు రసం వాడతారా అని అడగమన్న సలహాయే మమ్మల్ని కాపాడింది. మొదటి రాత్రి అలా అడగకుండా వెళ్లిన చోట, పేరుకు ఆకుకూరే అయిన కొలార్డ్ గ్రీన్స్‌ను పంది మాంసంతో ఉడికించారని వడ్డించాక గాని తెలియలేదు. టమాటాతో వండే అక్కడి రెడ్ రైస్‌లోనూ, అలసందల అన్నమైన హాపిన్ జాన్‌లోనూ సాధారణంగా పంది మాంసమే ఉంటుంది. మరునాడు ఫోన్ చేసి వెళ్లిన చోట పాలు, వెన్నతో వండిన గ్రిట్స్‌పై పుట్టగొడుగులు వేసి ఇచ్చారు. మొక్కజొన్న రవ్వతో చేసే ఆ వంటకం మన సంకటికి దగ్గరి చుట్టమే.

బుట్టను సిటీ మార్కెట్‌లో, మా కళ్లెదుటే అల్లుతున్న గల్లా (అక్కడి ఆఫ్రికన్ అమెరికన్ సమాజం) మహిళ వద్ద కొన్నాము. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి ద్వారా వచ్చిన ఆ విద్యలో గడ్డిని, పైన్ ఆకులను చుట్టలుగా పేర్చి, చెంచా కాడతో సందు చేసి తాటి జాతి ఆకుతో కుడతారు. అరచేతి పరిమాణం దానికే గంటలు పడుతుందని చూశాక బేరమాడటానికి నోరు రాలేదు.

పార్కింగ్ గురించిన నా బెంగ అనవసరమైంది. నగరం నడిబొడ్డున డ్యాష్ బస్సులు ఉచితం. నెలలో రెండో ఆదివారం కావడంతో కింగ్ స్ట్రీట్‌లో కొంత భాగం వాహనాలు లేక నడకకే వదిలారు.