అగ్రిజెంటో గుడులు: ఏ గేటు నుంచి మొదలెట్టాలి? ఒకటి నిలిచి, ఇంకోటి ఎందుకు కూలింది?

సాగర్‌నగర్_వాసి:
మే నెలలో వైజాగ్ నుంచి నలుగురం ఇటలీలోని సిసిలీ దీవికి వెళ్తున్నాం. బస పలెర్మోలో, పాత గ్రీకు గుడులున్న అగ్రిజెంటో ఊరికి ఒక్కరోజే. పేరేమో గుడుల లోయ, మ్యాపులో చూస్తే గట్టులా ఉంది! మాతో వచ్చే పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులు. ఎటు నుంచి వెళ్ళాలి? కాంకార్డియా గుడి అంత చెక్కుచెదరకుండా ఉంటే జ్యూస్ గుడి రాళ్ళగుట్ట ఎందుకైంది?

కొండదారి:
గట్టే అండి. ఊరు దానికంటే ఎత్తున ఉంది కాబట్టి అక్కణ్ణుంచి చూస్తే లోయ. పలెర్మో నుంచి రైలు సుమారు రెండు గంటలు. స్టేషన్ పైన ఊళ్ళో ఉంటుంది, గుడుల దగ్గరికి సిటీ బస్సులో దిగాలి. తూర్పున జూనో గుడి దగ్గరి గేటులో లోపలికి వెళ్ళండి, పడమర పోర్టా క్వింటా గేటులో బయటపడండి. దారంతా పల్లమే. తిరగేసి వెళ్ళారో, పెద్దాయనకి ఎండలో ఎక్కుడే. నీడ తక్కువ, నీళ్ళు మోసుకెళ్ళండి.

రాతిపని:
రెండోదానికి జవాబు. క్రీ.శ. 6వ శతాబ్దం చివర్లో కాంకార్డియాని చర్చిగా మార్చారు. స్తంభాల మధ్య సందులు గోడతో పూడ్చేశారు, లోపలి గోడలకి కమానులు తొలిచారు. 18వ శతాబ్దంలో పూడ్చిన గోడలు తీసేసినా కమానులు అలాగే ఉన్నాయి, చూడండి. వాడుకలో ఉన్న కట్టడం జోలికి రాళ్ళ కోసం ఎవరూ రాలేదు. జ్యూస్ గుడి దాదాపు 112 మీటర్ల పొడవు. క్రీ.పూ. 406లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరపు సేన ఊరిని కొల్లగొట్టేనాటికి కూడా పూర్తి కాలేదు. తర్వాత కూలినదాన్ని క్వారీలా వాడుకున్నారు. 18వ శతాబ్దంలో దగ్గర్లోని పోర్టో ఎంపెడోక్లే రేవు గట్టుకి ఆ రాళ్ళే పోశారు. మిగిలిన దిమ్మెల మీద ‘యు’ ఆకారపు గాడి కనిపిస్తుంది, పైకెత్తడానికి తాడు వేసే చోటు అది.

రాయి దగ్గరికెళ్ళి చూస్తే గవ్వల ముక్కలు కనపడతాయి. సముద్రపు ఇసుకా గవ్వలూ గట్టిపడిన సున్నపురాయి, నీళ్ళు పీల్చేస్తుంది. అందుకే గ్రీకులు తెల్లటి గార పూశారు. అది రాలిపోయింది, మనం చూసే పసుపు లోపలి రాయిది.

తొట్లకొండ_గాలి:
పోస్టుకార్డుల మీద కనపడే నాలుగు స్తంభాల మూల ఉందే, డయోస్కూరీ గుడి పేరుతో, దాన్ని అసలు గుడి అనుకోకండి. 19వ శతాబ్దంలో వేర్వేరు చోట్ల ముక్కలు ఏరి నిలబెట్టిన అతుకులబొంత! దాని పక్కనే కోలింబెత్రా తోట, అదే అసలు చూడాల్సింది. కొండరాతిలో సొరంగాలు తొలిచి, ఊట నీళ్ళు పట్టి, నారింజ చెట్లకి పారించారు. మన వైజాగ్ దగ్గరి బావికొండ మీద బౌద్ధ భిక్షువులు నీళ్ళకి పడ్డ తిప్పలు తెలిసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది.

మ్యూజియం వదలకండి. జ్యూస్ గుడి బరువు మోసిన రాతి మనిషి, ఏడున్నర మీటర్ల పైచిలుకు, అక్కడే నిలబడి ఉన్నాడు. ఊరికీ గుడులకీ మధ్యలో ఉంది కాబట్టి పొద్దున దిగేటప్పుడే చూసేయండి. ఒకసారి కింద తిరిగాక మళ్ళీ ఎక్కడం పెద్దాయన వల్ల కాదు.