హెపారిన్ ఎలక్ట్రోడ్ రెండో నమూనాకు ఎందుకు స్పందించడం లేదు?

ప్రశ్న (తార్నాక, హైదరాబాద్):
ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం పీవీసీ పొరలో ట్రైడోడెసైల్‌మిథైల్ అమ్మోనియం క్లోరైడ్ అనే ధనావేశ లవణం కలిపి, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ అనే మందును కొలిచే ఎలక్ట్రోడ్ తయారుచేశాను. మొదటి నమూనాలో పొటెన్షియల్ పదుల మిల్లీవోల్టులు పడిపోయింది. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి రెండో నమూనాలో ముంచితే రీడింగ్ దాదాపు కదలలేదు. పైగా సుమారు 70 రుణావేశాలున్న హెపారిన్ అణువుకు, గాఢతను పొటెన్షియల్‌తో ముడిపెట్టే నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం, గాఢత పది రెట్లు పెరిగినా ఒక మిల్లీవోల్టు మార్పు కూడా రాకూడదు కదా! లోపం పొరదా, నా లెక్కదా?

జవాబు 1 (ఉప్పల్):
రెండింటిదీ కాదండి. ఒకే ఆవేశమున్న అయానుకు గాఢత పది రెట్లయితే వచ్చే 59 మిల్లీవోల్టులను 70తో భాగిస్తే 0.84 వస్తుంది, సమతాస్థితికి అది సరైన లెక్కే. కానీ మీరు కొలిచింది సమతాస్థితి కాదు. హెపారిన్ పొరలోకి దిగుతూ క్లోరైడ్‌ను బయటికి నెడుతుంది. ద్రావణం నుంచి అది పొర అంచుకు చేరే వేగమూ, అంచు నుంచి లోపలికి వ్యాపించే వేగమూ సరితూగినంతసేపు ఆ అంచున క్లోరైడ్ తగ్గి, పొటెన్షియల్ రుణదిశగా జారుతుంది. 1990ల తొలి సంవత్సరాల్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మేయర్‌హాఫ్ బృందం రూపొందించిన పద్ధతి ఇదే. కాబట్టి స్టిర్రర్ వేగాన్ని అన్ని కొలతల్లోనూ ఒకేలా ఉంచండి. వేగం మారితే రీడింగూ మారుతుంది. లోపలికి దిగిన హెపారిన్ మంచినీళ్ళకు బయటికి రాదు. పొరను 2 మోలార్ సోడియం క్లోరైడ్‌లో నానబెట్టి, తరువాత మామూలు బఫర్‌లో రీడింగ్ నిలకడగా వచ్చేదాకా ఉంచండి.

జవాబు 2 (జీడిమెట్ల):
ఫలితాన్ని సరిచూసుకోవడానికి టోలుయిడిన్ బ్లూ అనే నీలిరంగు వాడండి. ధనావేశమున్న ఆ రంగు అణువులు హెపారిన్ గొలుసు వెంట ఒకదానినొకటి ఆనుకొని పేరుకోగానే, 630 నానోమీటర్ల దగ్గరి శోషణ తగ్గి, నీలి ద్రావణం కళ్ళముందే ఊదారంగుకు తిరుగుతుంది. అయితే ఎక్కువ ఉప్పు ఆ బంధాన్ని విడగొడుతుంది కనుక, మీ నానబెట్టిన ద్రావణం ఇందులో కలవకూడదు. ఎలక్ట్రోడ్‌ను మాత్రం వదలకండి. 2008లో హెపారిన్ మందులో అధిక సల్ఫేట్ గల కాండ్రాయిటిన్ (హెపారిన్‌ను పోలిన చక్కెర గొలుసు) కల్తీగా బయటపడినప్పుడు, ఆవేశ సాంద్రత ఎక్కువైన ఆ పదార్థానికి ఇదే రకం ఎలక్ట్రోడ్ శుద్ధ హెపారిన్‌కన్నా పెద్ద స్పందన చూపింది. మందుల నాణ్యత చూసేవాళ్ళకు ఇది చాలా విలువైన గుణమని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
ఉప్పులో నానబెట్టాక రెండో నమూనా మొదటిదానితో సరిపోయింది, కృతజ్ఞతలు. తరువాత ప్లాస్మాలో కొలవాలి. అక్కడ కూడా ఇలాగే చేయవచ్చా?

జవాబు 1:
నేరుగా వద్దండి. ప్లాస్మా ప్రోటీన్లు హెపారిన్‌ను పట్టుకోవడం వల్ల స్పందన తగ్గుతుంది. రుణావేశమున్న డైనోనైల్‌నాఫ్తలీన్ సల్ఫోనేట్ కలిపిన పొరతో, ప్రొటమిన్‌ను (హెపారిన్‌తో జతకట్టే ధనావేశ ప్రోటీన్) కొలిచే ఎలక్ట్రోడ్ చేసుకొని, నమూనాలో ప్రొటమిన్‌ను కొద్దికొద్దిగా కలుపుతూ వెళ్ళండి. హెపారిన్ అంతా దానితో జతకట్టాక మిగిలిన ప్రొటమిన్ వల్ల పొటెన్షియల్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ బిందువు వరకు ఎంత ప్రొటమిన్ పట్టిందో చూసి హెపారిన్‌ను లెక్కకట్టండి.