హోమ్‌లో ఉండే అబ్బాయి నాతో మాట్లాడటం మానేశాడు, ఏం చెయ్యాలి?

అందరికీ నమస్తే అండి. ఐదు నెలల నుంచి ప్రతి ఆదివారం ఒక బాయ్స్ హోమ్‌కి మెంటర్‌గా వెళ్తున్నాను. ఒకపూట ట్రైనింగ్ ఇచ్చి పదిహేనేళ్ల అబ్బాయిని నాకు అప్పజెప్పారు. మొదట్లో బాగానే ఉండేది, లెక్కలు చేసుకునేవాళ్ళం, తర్వాత కాసేపు బయట ఆడుకునేవాళ్ళం, నేను గేటు దగ్గరికి రాకముందే ఎదురొచ్చేవాడు. మధ్యలో ఆఫీస్ పని వల్ల వరసగా రెండు వారాలు వెళ్ళలేకపోయాను, కబురు కూడా చెప్పలేదు, అది తప్పే. మూడో వారం వెళ్తే మొహం తిప్పేసుకున్నాడు. పుస్తకం తీస్తే విసిరికొట్టి "నువ్వూ అంతేలే" అన్నాడు. అప్పట్నుంచి నెల అయింది, వెళ్తున్నా, మాట్లాడడు.

ఇంకో రెండు విషయాలు. మాట్లాడటం మానెయ్యక ముందు ఒకసారి "ఒకటి చెప్తా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అన్నాడు, నేను వేసేశాను, వాడేమో చెప్పకుండానే ఆపేశాడు. అదేంటో అని మనసులో దిగులుగా ఉంది. రెండోది, ఇంకో ఏడాదిలో నాకు ట్రాన్స్‌ఫర్ రావచ్చు. ఇప్పుడే తప్పుకుంటే వాడికి మంచిదా, ఉండి తర్వాత వెళ్ళిపోతే ఇంకా దెబ్బా? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: హోమ్‌లో పెరిగినవాణ్ణి

అన్నా, నేను తొమ్మిదో ఏట నుంచి పద్దెనిమిది నిండేదాకా హోమ్‌లోనే ఉన్నా కాబట్టి వాడి వైపు నుంచి చెప్తా. మా దగ్గరికి చాలామంది అన్నయ్యలు అక్కయ్యలు వచ్చేవాళ్ళు, ఫొటోలు దిగేవాళ్ళు, మళ్ళీ వస్తాం అనేవాళ్ళు, మేం పడుకునేముందు ఎవరు ఎన్నిసార్లు వచ్చారో లెక్కేసుకునేవాళ్ళం, పందేలు కూడా కాసేవాళ్ళం వీళ్ళు ఇంకెన్నాళ్ళు వస్తారని. అంటే పోతారని ముందే అనుకునేవాళ్ళం, అలా అనుకుంటే పోయినప్పుడు కొంచెం తక్కువ నొప్పి. వాడు పుస్తకం విసిరాడంటే నువ్వు వాడికి అక్కర్లేదని కాదు అన్నా, రెండు వారాలు గేటు వైపు చూసి ఉంటాడు.

నా జీవితంలో నిలబడ్డ మనిషి ఒక్కడే. ఆయన నెలకి ఒక్క శనివారమే వచ్చేవాడు కానీ చెప్పిన శనివారం వచ్చేవాడు. రాలేనప్పుడు ఆఫీస్ ఫోన్‌కి చేసి నన్ను పిలిపించి నాతోనే చెప్పేవాడు, వార్డెన్‌తో చెప్పమని వదిలెయ్యలేదు. నాకోసం ఒక ఫోన్ రావడం అదే మొదటిసారి, ఇప్పటికీ గుర్తే. ఇంకోటి, ఎప్పుడూ ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పు ఏంటి ప్రాబ్లం" అనేవాడు కాదు. పాత ఫ్యాన్లు, రేడియోలు తెచ్చేవాడు, ఇద్దరం విప్పేవాళ్ళం, చేతుల్లో స్క్రూడ్రైవర్ ఉండి కళ్ళు మోటార్ మీద ఉన్నప్పుడు మా నాన్న గురించి నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆయన తలెత్తి చూడలేదు, "ఊఁ" అన్నాడు, నా చేతికి ఇంకో స్క్రూ ఇచ్చాడు. మగపిల్లలకి కళ్ళలో కళ్ళు పెట్టి ఏడుపు చెప్పుకోవడం చాలా కష్టం అన్నా, అక్కడ ఏడిస్తే పెద్ద పిల్లలు బతకనివ్వరు.

నువ్వు ముందు సారీ చెప్పు. ఆఫీస్ కథ వద్దు. "వస్తానని రాలేదు, కబురు కూడా చెప్పలేదు, తప్పు నాది" అంతే. వాడు జవాబివ్వకపోయినా పక్కన కూర్చుని నీ టైం అయ్యేదాకా ఉండి వచ్చే ఆదివారం ఎన్నింటికి వస్తావో చెప్పి వెళ్ళు.

జవాబు: హోమ్ స్టాఫ్

పై తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నేను చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి ఆ ఒట్టు సంగతి చెప్తాను, అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

ఏ పిల్లాడికీ "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకూడదండి. రేపు వాడు ఎవరో కొడుతున్నారనో, రాత్రిళ్ళు ఎవరో మీద చెయ్యి వేస్తున్నారనో, చచ్చిపోవాలనుందనో చెప్తే మీరు చెప్పక తప్పదు, అప్పుడు వాడి దృష్టిలో ఇంకో పెద్దమనిషి మాట తప్పినట్టే. మీరే ముందు కదపండి. "ఆ రోజు తొందరపడి ఒట్టేశాను. నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉంటే నేను ఒక్కరికి చెప్పాల్సి ఉంటుంది, ఎవరికి చెప్తున్నానో నీకు ముందే చెప్తాను, మిగతావన్నీ మన మధ్యే" అనండి. అలా అంటే ఇక నోరు విప్పరని కొత్తవాళ్ళు భయపడతారు. నేను చూసినంతవరకు చాలామంది అప్పుడే విప్పారు, ఎందుకంటే వాళ్ళకి కావాల్సింది అది ఆగిపోవడం.

చెప్పినప్పుడు మాత్రం గుచ్చిగుచ్చి అడగొద్దు, "నువ్వెందుకు ఊరుకున్నావ్" అని అసలే అనొద్దు. లైంగిక వేధింపు మగపిల్లలకి జరగదనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అందుకే వాళ్ళు ఏళ్ళతరబడి దాచుకుంటారు. నమ్ముతున్నానని చెప్పి, వాడు అన్న మాటలు అన్నట్టే రాసుకుని, పిల్లల రక్షణ చూసే బాధ్యుడికి ఆ రోజే చెప్పండి. ఆరోపణ హోమ్‌లోని మనిషి మీదే అయితే అక్కడ ఎవరికీ కాదు, బయట పిల్లల రక్షణ అధికారులకి. ఇది మొహమాటపడే చోటు కాదు.

ఇంకా: వాణ్ణి మీ ఇంటికి తీసుకెళ్ళడం, రహస్యంగా డబ్బు, ఫోన్ ఇవ్వడం వద్దు. తలుపులేసిన గదిలో ఒంటరిగా వద్దు. ఇవి మీ మీద అనుమానంతో పెట్టిన రూల్స్ కావు, పిల్లల్ని వాడుకునేవాళ్ళు సరిగ్గా ఇలాగే మొదలుపెడతారు కాబట్టి.

వాడికి ఇంటి నుంచి ఫోన్ రావాల్సి రాకపోయిన వారం, కేసు వాయిదా ఉన్న వారం, పరీక్ష ఫెయిలైన వారం కోపం ఎక్కువుంటుంది. స్టాఫ్‌ని ముందే అడిగి తెలుసుకోండి, అన్నీ మీవల్లే అనుకోకండి.

జవాబు: కౌన్సెలర్

ట్రాన్స్‌ఫర్ ప్రశ్నకి నేను చెప్తాను. 2002లో గ్రాస్‌మన్, రోడ్స్ అనే ఇద్దరు అమెరికాలో మెంటర్, పిల్లాడు కలిసిన జతలు ఎంతకాలం నిలిచాయి, దానివల్ల పిల్లలకి ఏమైంది అని చూశారు. ఏడాది, అంతకు మించి సాగినవాటిలో పిల్లలకి ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలల్లోపే తెగిపోయినవాటిలో పిల్లలకి తమ మీద తమకున్న గౌరవం తగ్గింది. వేధింపులు అనుభవించిన పిల్లల జతలే తొందరగా తెగిపోయే ప్రమాదం ఎక్కువని కూడా వాళ్ళే చూశారు. అంటే మనిషి అవసరం ఎక్కువున్న పిల్లాడి దగ్గరే మనుషులు నిలవట్లేదు. హవాయిలోని కావాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. కష్టాల్లో పెరిగినా నిలదొక్కుకున్నవాళ్ళకి తోడ్పడినవాటిలో ఒకటి, నమ్మకంగా పట్టించుకున్న పెద్ద మనిషి కనీసం ఒక్కరుండటం, తల్లో తండ్రో కానక్కర్లేదు.

కాబట్టి ఇప్పుడు తప్పుకోవద్దు. ట్రాన్స్‌ఫర్ ఖాయం కాగానే చెప్పండి, ఆఖరి ఆదివారం మాత్రం కాదు, కనీసం రెండు నెలల ముందు. ఆఖరి రోజు ఏదో ఇద్దరూ నిర్ణయించుకోండి. వెళ్ళాక ఫోన్ చేస్తానంటే ఎప్పుడెప్పుడు చేస్తారో చెప్పండి, హోమ్ పర్మిషన్‌తో, అదీ చెయ్యగలిగినంతే. నెలకి ఒకటే చెయ్యగలిగితే నెలకి ఒకటే అనండి.

ఈ ఏడాదిలో ఇంకో పని. వాడికి పద్దెనిమిది నిండాక ఏంటో అడగండి. పెద్దయ్యి బయటికొచ్చేవాళ్ళ కోసం ఏర్పాట్లు చాలా ముందు నుంచే మొదలుపెట్టాలని, వీలైతే ప్రతి పిల్లాడికీ ఒక ప్రత్యేక మనిషిని కేటాయించాలని 2009 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాల్లోనే ఉంది. సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి, బ్యాంక్ అకౌంట్ ఉందా, ఒంట్లో బాగోకపోతే ఒంటరిగా డాక్టర్ దగ్గరికి వెళ్ళడం తెలుసా, లెక్కలతో పాటు ఇవీ చెయ్యండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఉందేమో అనిపిస్తే సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

ముగ్గురికీ చాలా థాంక్స్ అండి. మొదటి వారం సారీ చెప్పా, లేచి వెళ్ళిపోయాడు. టైం అయ్యేదాకా అక్కడే కూర్చున్నా. రెండో వారం ఒక పాడైన రేడియో తీసుకెళ్ళి నా పాటికి నేను విప్పుతుంటే దూరం నుంచి చూశాడు. నిన్న వచ్చి "అట్లా కాదు, ఆ వైరు ముందు తియ్యాలి" అన్నాడు. ఒట్టు మాట కూడా సార్ చెప్పినట్టే సరిచేసుకున్నా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఎవరికి చెప్తావ్?" అని అడిగాడు. స్టాఫ్‌లో ఇద్దరి పేర్లు చెప్పా. ఒకాయన పేరుకి తల అడ్డంగా ఊపాడు, రెండో ఆవిడ పేరుకి ఊపలేదు. ఇంకేం అడగలేదు నేను.

జవాబు: హోమ్ స్టాఫ్

అడగకపోవడమే మంచిదైంది. కానీ ఆ తల ఊపడం తేలిగ్గా తీసుకోకండి. వచ్చే ఆదివారం దాకా ఆగొద్దు, ఇవాళే ఆవిడతో మాట్లాడండి, మీరు చూసింది చూసినట్టు చెప్పండి, ఊహలు కలపొద్దు. ఆవిడతో మాట్లాడినట్టు వాడికీ చెప్పండి.