అప్‌డేట్: నాన్నతో వెంటిలేటర్ విషయం ఎప్పుడు మాట్లాడాలి అని అడిగాను కదా

నాన్నకి లంగ్ క్యాన్సర్ నాలుగో స్టేజ్, చివర్లో ఏం కావాలో ఆయన్ని ఎప్పుడు అడగాలా అని పోస్ట్ పెట్టాను, సలహాలిచ్చిన అందరికీ థాంక్సండీ. "ఐసీయూ దాకా ఆగొద్దు, ఓపికున్నప్పుడే పాలియేటివ్ డాక్టర్ని, అంటే నొప్పీ బాధా తగ్గించే డాక్టర్ని కలవండి" అన్నదే పనిచేసింది. అగనంపూడి హాస్పిటల్లో డాక్టర్ గారు రిపోర్టులు పక్కనపెట్టి, మీకు ఏది ముఖ్యమండీ అని నాన్ననే అడిగారు. గొట్టాలొద్దమ్మా, నొప్పి లేకుండా చూడండి, గాజువాకలో మా ఇంట్లోనే ఉంటాను అని చెప్పీసారు, అమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆపలేదు. ధైర్యం పోతుందేమో అని భయపడ్డాం, అదేం లేదు, కీమో కూడా మామూలుగానే నడుస్తోంది. చివర్లో ఏం కావాలో ఏం వద్దో ఇలా ముందే రాసిపెట్టే కాగితాన్ని లివింగ్ విల్ అంటారు, దానికి కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు, 2023లో సుప్రీంకోర్టు రూల్స్ మార్చాక ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ఉంటే చాలు. మనసు మారితే మళ్ళీ మార్చి రాసుకోవచ్చు కూడా.