బ్రిటన్ పల్లెల్లోని యుద్ధ స్మారకాలను చూడటం, ఫొటోలు తీయడం గురించి సలహా కావాలి

ప్రశ్న (నల్లగొండ, విశ్రాంత ఉపాధ్యాయుడు)

అందరికీ నమస్కారం. మే నెలలో మా అబ్బాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్తున్నాను, మూడు నెలలు అక్కడే ఉంటాను. ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల్లో ఊరూరా తిరిగి, 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో ప్రాణాలు వదిలిన వారి స్థూపాలను ఫొటోలు తీస్తున్నాను. ఏటా వర్ధంతికి ముందు స్థూపానికి ఎర్ర రంగు వేస్తారు. ఆ రంగు చెక్కిన అక్షరాల్లోకి దిగి పొర మీద పొరగా గట్టిపడి, చివరికి పేరే పూడిపోతుంది. మా మండలంలోని ఒక స్థూపం మీద ఏడు పేర్లు ఉన్నాయి, నా ఫొటోలో ఐదే తెలుస్తున్నాయి. మిగిలిన రెండూ ఊరి పెద్దలను అడిగి రాసుకున్నాను. వారు కూడా లేకపోతే ఆ ఇద్దరు ఎవరో చెప్పేవారు ఉండరన్న దిగులుతోనే ఈ పని వదలలేకపోతున్నాను.

ఇంగ్లండులో దాదాపు ప్రతి పల్లెలోనూ మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన వారి పేర్లతో ఒక రాయి ఉంటుందని మా అబ్బాయి చెప్పాడు. వాటిని వెతికి చూడటం ఎలా? ఫొటో తీయడానికి అనుమతి అవసరమా? అక్కడ పాటించవలసిన మర్యాదలు ఏమిటి? మన వాళ్ల పేర్లు కూడా ఎక్కడైనా కనిపిస్తాయా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (మహబూబ్‌నగర్, కొన్నేళ్లు ఇంగ్లండులో ఉద్యోగం చేసి వచ్చాను)

సార్, మీరు వెళ్లే ముందే ఒక సంగతి తెలుసుకుంటే అక్కడి రాళ్లు మీకు వేరుగా కనిపిస్తాయి. యుద్ధం మొదలైన మరుసటి ఏడాది, 1915లోనే, చనిపోయిన సైనికుల దేహాలను ఇంటికి తీసుకురావడాన్ని ఆపేశారు. ఎక్కడ పడిపోయినవారిని అక్కడే ఖననం చేశారు. ఫ్రాన్సు దాకా వెళ్లి కొడుకు సమాధి చూసుకునే స్తోమత పల్లెటూరి కూలి కుటుంబానికి ఎక్కడిది? అందుకే ఊళ్లో చందాలు వేసుకుని, కమిటీలు పెట్టుకుని, పేర్లు చెక్కించి రాయి నిలిపారు. వాటిలో చాలావాటికి ప్రభుత్వం డబ్బు పెట్టలేదు. తల్లికి ఆ రాయే సమాధి. కాబట్టి దాని దగ్గర సమాధి దగ్గర ఉన్నట్టే నడుచుకోవాలి.

మన ఊళ్లలో బొడ్రాయి ఉన్నట్టు, అక్కడ ఊరి నడుమ పచ్చిక మీదనో, చర్చి ఆవరణలోనో ఈ స్మారకం ఉంటుంది. చర్చి లోపల గోడకు ఇత్తడి పలక, పాత రైల్వే స్టేషన్లలో అక్కడి ఉద్యోగుల పేర్లు, ఊరి సమావేశ మందిరమే స్మారకంగా కట్టినవి కూడా కనిపిస్తాయి. ఇంపీరియల్ వార్ మ్యూజియంల వారు దేశంలోని యుద్ధ స్మారకాల వివరాలతో ఆన్‌లైన్‌లో ఒక రిజిస్టరు నిర్వహిస్తున్నారు. ఊరి పేరు కొట్టి చూస్తే ఆ ఊళ్లో ఏవేవి ఉన్నాయో, చాలావాటి మీద ఎవరి పేర్లు ఉన్నాయో దొరుకుతుంది. వెళ్లిన వారందరూ ప్రాణాలతో తిరిగి వచ్చిన ఊళ్లు యాభైకి కొంచెం పైగా ఉన్నాయి. వాటిని ‘థాంక్‌ఫుల్ విలేజెస్’ అంటారు. వేలాది ఊళ్లలో ఇన్నే అంటే మిగతా ఊళ్ల సంగతి మీరే ఊహించుకోవచ్చు.

ఇక అనుమతి మాట. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాన్ని, కట్టడాన్ని ఫొటో తీసి ప్రచురించుకోవడానికి అక్కడి 1988 కాపీరైట్ చట్టం అభ్యంతరం చెప్పదు. చర్చి లోపల మాత్రం అడిగి తీయాలి. ఎడిన్‌బరో కోటలో ఉన్న స్కాట్లాండ్ జాతీయ స్మారకం లోపల ఫొటోలు తీయనివ్వరు. ఒకసారి నేను బడి పక్కనే ఉన్న స్మారకాన్ని తీస్తుండగా, ఫ్రేములో పిల్లలు పడుతున్నారని ఒక ఆవిడ వచ్చి ఆపమన్నారు. ఆవిడ చెప్పింది సబబే. బడి సమయం చూసుకుని వెళ్లండి. నవంబరులో, యుద్ధంలో పోయినవారిని స్మరించే రోజున పెట్టిన ఎర్రని పాపీ పూల దండలు మే నాటికి వెలిసిపోయి పీఠం దగ్గరే ఉంటాయి. పేర్లకు అడ్డు వచ్చాయని వాటిని పక్కకు జరపకండి. ఒక దండకు కట్టిన చీటీ మీద వాన నీటికి సిరా అంతా కారిపోయి, ‘తాతయ్యకు’ అన్న ఒక్క మాట మిగిలి ఉండటం నేను చూశాను.

జవాబు 2 (మిర్యాలగూడ, ఫొటో స్టూడియో)

సార్ అడగకపోయినా అక్షరాల సంగతి చెప్పాలనిపించింది. చెక్కిన అక్షరానికి ఎదురుగా వెలుతురు పడితే లోతు తెలియదు, పేరు మాయమవుతుంది. ఎండ పక్కనుంచి, రాతిని రాసుకుంటూ వెళ్లినట్టు పడాలి. అప్పుడు ప్రతి గీతకు ఒక అంచున నీడ నిలబడుతుంది, అరిగిన అక్షరం కూడా లేచి వస్తుంది. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఒక్కో ముఖానికి సరైన వేళ దొరుకుతుంది. ఉత్తరం వైపు ముఖానికి ఎండ సరిగా తగలదు. దానికి ఒక మోస్తరు అద్దం తీసుకువెళ్లి, ఎండ పడే చోట మరొకరి చేత పట్టించి, వెలుతురును పక్కనుంచి మళ్లించండి. మబ్బు రోజున ఒక టార్చిలైటు చాలు.

అక్షరాలు కనబడాలని సుద్ద, పిండి, నీళ్లు రాయడం, నాచును గీకడం ఏ పరిస్థితిలోనూ చేయవద్దు. మెత్తని సున్నపురాయి పైపొర నాచుతో పాటే ఊడి వస్తుంది, పేరు కూడా దానితోనే పోతుంది. మొత్తం స్మారకం ఒకటి, ఒక్కో ముఖం విడిగా, తర్వాత పేర్ల వరుసలు దగ్గరగా, ఇలా తీయండి. కింది మెట్టును మరువకండి. 1939–45 యుద్ధంలో పోయిన వారి పేర్లు తరచుగా అక్కడే, వేరే తీరు అక్షరాలతో చేర్చి ఉంటాయి.

జవాబు 3 (వనపర్తి)

మన వాళ్ల గురించి అడిగారు. బ్రైటన్ దగ్గర పాచమ్ గుట్టల మీద ‘ఛత్రి’ అనే పాలరాతి కట్టడం ఉంది. 1914 నుంచి 1916 వరకు బ్రైటన్‌లోని రాజభవనాన్ని గాయపడిన భారతీయ సైనికులకు ఆసుపత్రిగా మార్చారు. అక్కడి ఆసుపత్రుల్లో చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సైనికులను ఈ గుట్ట మీద దహనం చేశారు. ఆ స్థలంలోనే 1921 ఫిబ్రవరి 1న ఛత్రిని ఆవిష్కరించారు. దాని దాకా వాహనాలు వెళ్లే దారి లేదు, పొలాల గుండా నడిచే వెళ్లాలి. ఏటా జూన్‌లో అక్కడ స్మరణ సభ జరుగుతుంది, మీరు ఉండే కాలంలోనే.

మీకు ముఖ్యంగా చెప్పదలచినది ఇది: ఛత్రి మీద ఆ 53 మందిలో ఒక్కరి పేరు కూడా లేదు. ఇంగ్లండు పల్లె కూలీకి 1920ల నాడే రాతి మీద పేరు దక్కితే, వీళ్లకు ఈ గుట్ట మీద 2010 వరకు దక్కలేదు. ఆ ఏడాది యుద్ధ సమాధులను చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఛత్రి పక్కనే పేర్లతో వేరొక స్మారకం నిలిపింది. చాలామంది ఛత్రిని ఫొటో తీసుకుని, ఆ రాయిని చూడకుండానే దిగి వస్తారు.

హైదరాబాదు సంస్థానపు అశ్విక దళం ఆ యుద్ధంలో పోరాడింది పాలస్తీనా ప్రాంతంలో. జోధ్‌పూర్, మైసూరు దళాలతో పాటు వారి గుర్తుగా ఢిల్లీలో తీన్‌మూర్తి విగ్రహాలు ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారి జవాబు

మీ అందరికీ కృతజ్ఞతలు. జూన్‌లో సభ తేదీ కనుక్కుని బ్రైటన్ తీసుకువెళ్లమని అబ్బాయికి ఈ రాత్రే చెప్పాను. ఛత్రి ఫొటో ఒకటి చాలు, పక్కనున్న రాతి మీది 53 పేర్లనూ వరుసలుగా దగ్గరగా తీస్తాను. మిర్యాలగూడ వారు చెప్పిన అద్దం సంగతి నాకు ఇన్నేళ్లూ తట్టలేదు. ప్రయాణానికి ఇంకా నెల రోజులు ఉంది. ఈ ఆదివారం పొద్దున్నే ఇంట్లోని అద్దం తీసుకుని మా మండలంలోని ఆ స్థూపం దగ్గరికి వెళ్తున్నాను. ఆ రెండు పేర్లు రంగు కింద నుంచి తెలుస్తాయేమో చూస్తాను.